నాన్నగారి పేరున ట్రస్టు పెడుతున్నాం: అడగలేని వాళ్లకి అందాలంటే ఎలా నడపాలి?

మెట్టపొలం

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్ట. నాన్నగారు బడిపంతులుగా పనిచేశారు, నిరుడు కాలం చేశారు. ఆయన వాటా పొలం అమ్మగా వచ్చిన సొమ్ములో అరవై లక్షలు విడిగా తీసి, ఆయన పేరున ధర్మసంస్థగా ఒక ట్రస్టు పెడదామని మేం అన్నదమ్ములం, మా చెల్లెలు అనుకున్నాం. అసలు కదల్చకుండా వడ్డీతోనే నడపాలని ఉద్దేశం.

ఏం చేయాలన్న దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో మాట. మండలంలో పదో తరగతి ఫస్టు వచ్చిన పిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇద్దామని తమ్ముడు అంటాడు. చెల్లెలు ఏడాదికి రెండు మెడికల్ క్యాంపులు అంటుంది. మన కులం పిల్లలకి ఒంగోలులో హాస్టల్ గదులు కట్టిద్దామని బాబాయి పట్టు. అమ్మ మాత్రం "అడిగే నోరున్నోళ్లకి ఎట్టాగో అందుద్ది, అడగలేనోళ్ల సంగతి చూడండిరా" అంది.

నాకు అమ్మ మాటే నచ్చింది. కానీ దాన్ని పనిగా ఎలా మార్చాలి? ట్రస్టులు నడిపినవాళ్లు, వాటిలో పనిచేసినవాళ్లు, వాటి దగ్గరికి సాయానికి వెళ్లినవాళ్లు, ఎవరైనా సరే దయచేసి చెప్పండి.

పద్దులపుస్తకం

మెట్టపొలం గారూ, మంచి ఆలోచన. ఆడిటర్‌గా నా వైపు నుంచి ముందు లెక్క చెప్తాను, ఆశయాల సంగతి మిగతావాళ్లు చెప్తారు.

60 లక్షల మీద 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు. పన్ను మినహాయింపు నిలవాలంటే అందులో కనీసం 85 శాతం, అంటే 3 లక్షల 57 వేలు, ట్రస్టు ఆశయాల మీద ఖర్చవ్వాలి. మిగతా 15 శాతం దాచుకోవచ్చు. నా సలహా: ఆ 15 శాతాన్ని ఏటా అసలులో కలుపుతూ పొండి, లేకపోతే పదేళ్లకి ఈ వడ్డీ దేనికీ చాలదు. మీరిచ్చే 60 లక్షలు "మూలనిధికి" అని రాతపూర్వకంగా ఇవ్వాలి, చట్టం ఒప్పుకున్న పెట్టుబడుల్లోనే ఉంచాలి. షెడ్యూల్డ్ బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు అలాంటివి. తెలిసినవాళ్లకి వడ్డీకి తిప్పడం కుదరదు.

ముందుగా డీడ్ (ట్రస్టు పత్రం) రిజిస్ట్రేషన్, పాన్, ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ (ట్రస్టుకి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను రాయితీ). కొత్త ట్రస్టుకి మొదట తాత్కాలికంగా మూడేళ్లకి ఇస్తారు. పని మొదలుపెట్టిన ఆరు నెలల్లో రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. నేను అందరి నోళ్లలో ఉన్న పాత నంబర్లే వాడుతున్నాను.

మీ బాబాయిగారి మాటకొస్తే, ఒక కులానికో మతానికో మాత్రమే మేలు చేసే ధర్మసంస్థకి ఆదాయపు పన్ను చట్టం 13(1)(బి) సెక్షన్ కింద మినహాయింపు పోతుంది. 1961 చట్టం వచ్చినప్పటినుంచీ ఉన్న నియమమే ఇది. అయితే అదే సెక్షన్‌కి ఒక వివరణ ఉంది: షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన ట్రస్టు ఆ నిషేధం కిందికి రాదు. ఎవరికి దారి మూసుకుపోయిందో వాళ్లకోసం ప్రత్యేకంగా పెట్టడం వివక్ష కాదని పన్ను చట్టమే ఒప్పుకుంది. నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన చోటు అది.

మీ కుటుంబసభ్యులకి, దగ్గరి బంధువులకి ట్రస్టు డబ్బుతో లాభం చేకూరకూడదు. బంధువుల పిల్లలకి ఫీజులు కట్టినా చిక్కే.

చివరి_బెంచీ

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. తమ్ముడుగారి స్కాలర్‌షిప్పు గురించి కాస్త గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

మండలం ఫస్టు వచ్చిన పిల్లవాడికి దారి దొరకడం కష్టం కాదు. కార్పొరేట్ కాలేజీలు ఇంటికొచ్చి ఫీజు తగ్గిస్తామంటాయి, ఊరి పెద్దలు సన్మానం చేస్తారు, బంధువులు పోగవుతారు. నా క్లాసులో మధ్యలో ఆగిపోయే పిల్లలు వేరే. 340 మార్కులతో పాసైన ఎస్సీ కాలనీ అమ్మాయి, చెంచు గూడెం నుంచి వచ్చి హాస్టల్లో నెల కూడా నిలవని అబ్బాయి, తల్లి వలస వెళ్తే చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయిన పిల్ల. వీళ్లలో ఎవరూ "ప్రతిభా పురస్కారం" జాబితాలోకి రారు. మార్కులు కొలబద్ద అయినచోట సాయం మళ్లీ అప్పటికే ఒడ్డున ఉన్నవాళ్లకే చేరుతుంది.

మా దగ్గర ఇంటర్ మొదటి సంవత్సరంలో చదువు మానేసే అమ్మాయిల్లో చాలామందికి అడ్డం పడేది కాలేజీ ఫీజు కాదు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు ఎంతని? ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా మూడు నాలుగు కిలోమీటర్లు, ఆటో తప్ప దిక్కు లేదు. సాయంత్రం ఆరు దాటితే ఆటో కూడా ఉండదు. "ఇంత దూరం ఆడపిల్లని ఎట్టా పంపేది" అని తండ్రి ఒక్క మాట అంటే అక్కడితో సరి. ఒకే దారిలో ఉన్న ఊళ్ల పిల్లలకి కలిపి ఒక ఆటో నెలకి మాట్లాడితే ఆ దారి మొత్తం నిలబడుతుంది.

ఇంకో మాట. చెక్కు ఇచ్చేటప్పుడు స్టేజీ మీద నిలబెట్టి ఫోటోలు వద్దు. పదహారేళ్ల పిల్లకి తన పేదరికం ఊరందరి ముందూ మైకులో వినపడటం ఎంత నరకమో దగ్గరనుంచి చూసినదాన్ని. డబ్బు బ్యాంకు ఖాతాలో వేయండి, చాలు.

నేరుప్రశ్న

నాది మూలానికే సంబంధించిన ప్రశ్న. బడి, ఆసుపత్రి, పింఛను ప్రభుత్వం బాధ్యతలు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే అరవై లక్షలకు పైగా మందికి నెలనెలా పింఛను అందుతోంది. ఏడాదికి మూడున్నర లక్షలతో మీరు మార్చేదేముంది? పైగా ట్రస్టులు వచ్చి నాలుగు పనులు చేస్తుంటే ప్రభుత్వం తప్పుకుంటుంది, హక్కుగా రావాల్సింది దయగా మారుతుంది. విద్యా ట్రస్టుల పేరుతో జరిగే వ్యాపారం సరేసరి. 2022లో సుప్రీంకోర్టు న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో విద్యాసంస్థ "కేవలం" విద్య కోసమే ఉండాలి, లాభాపేక్ష ప్రధానం కాకూడదని చెప్పాల్సి వచ్చింది. ఆ అప్పీళ్లు మన తెలుగు నేల నుంచి వెళ్లినవే.

మెట్టపొలం గారి మనసు మంచిదే, అందులో సందేహం లేదు. కానీ మంచి మనసు ఒక్కటీ సరిపోదు కదా.

బడిబాట

నేరుప్రశ్న గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. అందుకే ఎం.వి. ఫౌండేషన్ కథ ఇక్కడ చెప్పాలి.

మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరున 1981లో పెట్టిన సంస్థ అది. తొంభైల మొదట్లో శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి పిల్లల్ని, పశువుల కాపర్లని, పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లల్ని బడికి తేవడం మొదలుపెట్టారు. వాళ్లు పోటీగా బడులు కట్టి కూర్చోలేదు. పెద్ద పిల్లలకి కొన్ని నెలలు శిబిరంలో చదువు చెప్పి, వయసుకి తగ్గ తరగతిలో ప్రభుత్వ బడిలోనే చేర్చారు. బడిలో టీచర్ లేకపోతే ఊరివాళ్లే వెళ్లి అడిగేలా చేశారు. "పేదరికం వల్ల పిల్లలు పనికి పోతారు, ఏం చేస్తాం" అనే వాదాన్ని వాళ్లు ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అని లెక్కగట్టారు. శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే వచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలయ్యారు. అంటే ఒక ట్రస్టు పని దేశ విధానం దాకా వెళ్లింది.

అలాంటి సంస్థ ప్రభుత్వానికి బదులుగా పనిచేయడం లేదు. ప్రభుత్వ బడి తలుపు దాకా బిడ్డని నడిపించి, ఆ తలుపు తెరుచుకునేలా చూస్తోంది. చిన్న ట్రస్టు కూడా ఇది చేయగలదు.

పడమటి ప్రకాశంలో నేను తిరిగాను. సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకోతలకి కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. పిల్లలు కూడా వెళ్తారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి, రిజిస్టర్లో పేరు మాత్రం ఉంటుంది. ఇలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెట్టొచ్చు. అయితే ఎవరో ఒకరు డిసెంబరుకి ముందే ఇంటింటికీ తిరిగి, ఏ ఇంటి నుంచి ఎవరు వలస పోతున్నారో పేర్లతో జాబితా రాసి, మండల విద్యాధికారి చేతికివ్వాలి. ఆ జాబితా లేకే చాలాచోట్ల హాస్టల్ పెట్టరు. చదువుకున్న ఒక స్థానిక అమ్మాయికి ఆ కొన్ని నెలలు జీతమిచ్చి ఈ పని చేయించండి. టీసీ లేదనో, వయసు రుజువు లేదనో బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ప్రకారం చెల్లదు. ఆ సంగతి తెలిసిన మనిషి పక్కనుంటే తల్లిదండ్రులు వెనక్కి తిరిగిరారు.

గడపదాటి

నాకు చిన్నప్పుడే పోలియో. మూడు చక్రాల బండి మీద తిరుగుతాను, వికలాంగుల సంఘంలో పనిచేస్తాను. సాయం తీసుకునే వైపు నుంచి రాస్తున్నాను.

ట్రస్టులు అనగానే మాకు గుర్తొచ్చేది వీల్‌చైర్ల పంపిణీ సభ. అందరికీ ఒకే సైజు. పదేళ్ల పిల్లకీ అదే, ఎనభై కిలోల మనిషికీ అదే. కొలత సరిపోని కుర్చీలో రోజంతా కూర్చుంటే వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకి పుండ్లు పడతాయి, అవి ప్రాణం మీదికి తెస్తాయి. కేంద్రం ఆడిప్ పథకం కింద కొలతలు తీసి ఉపకరణాలు ఇస్తుంది. మీరు కుర్చీ కొనిపెట్టొద్దు, మనిషిని కొలతల క్యాంపు దాకా తీసుకెళ్లండి.

అసలు విషయం సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే పత్రం. అది లేకపోతే మా వాళ్లు ప్రభుత్వం లెక్కలో లేనట్టే. స్లాట్ బుక్ చేసుకోవాలి, ఇచ్చిన తేదీకి ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో వెళ్లాలి. మా సంఘం తరఫున ఒక పెద్దావిడతో వెళ్లాను. ఆమె కొడుకు ఇరవై ఏళ్లవాడు, పుట్టుకతోనే మెడ నిలవదు, మాట రాదు. ఊరి నుంచి బస్సులో కుదరదు, ఆటో మాట్లాడాలి. ఎత్తి దించడానికి ఇంకో మనిషి కావాలి, ఆ మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అంతా చేసి వెళ్తే డాక్టర్ గది పై అంతస్తులో. కొడుకుని భుజాన వేసుకుని మెట్లెక్కబోతుంటే అక్కడున్న సెక్యూరిటీ ఆయన పరుగున వెళ్లి డాక్టర్‌నే కిందికి తీసుకొచ్చాడు. ఆ రోజు అలా పని జరిగింది. అంతకుముందు రెండుసార్లు స్లాట్ వచ్చినా ఆమె వెళ్లలేకపోయింది, ఆటోకి డబ్బుల్లేక.

ఇప్పుడు నేరుప్రశ్న గారి ప్రశ్నకి నా జవాబు. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 6 వేల పింఛనుకి అర్హత. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి 15 వేలు. ఒక మనిషిని తీసుకెళ్లి తీసుకురావడానికి రెండు మూడు వేలు ఖర్చు చేస్తే, మంజూరయ్యాక ఏడాదికి 72 వేలు ఆ ఇంటికి చేరతాయి, అదీ హక్కుగా. మీ మూడున్నర లక్షలు చిన్న మొత్తం కాదండీ, ఎక్కడ పెడతారన్నదే ప్రశ్న. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, కండరాల క్షీణత, ఆటిజం అన్నీ అందులో ఉన్నాయి. ఆ సంగతి తెలియక అసలు దరఖాస్తే పెట్టనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

నేరుప్రశ్న

గడపదాటి గారు, బడిబాట గారు చెప్పిన పద్ధతికి నాకేం అభ్యంతరం లేదు. హక్కుని అందించే ట్రస్టు వేరు, హక్కు స్థానంలో కూర్చునే ట్రస్టు వేరు. నేను రెంటినీ ఒకే గాటన కట్టను.

కానీ దాత మీద ఆధారపడటం అనే ప్రమాదం ఉంది. 108 అంబులెన్సు 2005లో హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ పేరుతో మొదలైంది. మొదలుపెట్టిన సత్యం కంప్యూటర్స్ అధినేతే 2009 జనవరిలో ఖాతాల మోసం ఒప్పుకున్నారు. అప్పటికే నడిపే ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిది కాబట్టి బండ్లు ఆగలేదు, నిర్వహణ జీవీకే అనే మరో వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది. అదే కుటుంబం పల్లెల్లో నడిపిన బైర్రాజు ఫౌండేషన్ పనులు మాత్రం నిధులు లేక కుంగిపోయాయి. ఒకటి ప్రజావ్యవస్థలో కలిసింది కాబట్టి నిలిచింది, రెండోది ఒకరి జేబు మీద నిలబడింది. మీరు ఏది మొదలుపెట్టినా, మీరు ఆగిపోతే అది ఎవరి చేతికి వెళ్తుందో మొదటిరోజే ఆలోచించండి.

కరువుసీమ

మాది అనంతపురం. మా జిల్లాలో ట్రస్టుల గురించి మాట్లాడితే విన్సెంట్ ఫెర్రర్ గారి పేరు లేకుండా మాట పూర్తి కాదు. 1969లో వచ్చి గ్రామీణాభివృద్ధి ట్రస్టు పెట్టారు. ఆర్డీటీ అంటాం. దళితవాడల్లో, తండాల్లో ఇళ్లు, బడులు, బత్తలపల్లిలో ఆసుపత్రి, వికలాంగుల సంఘాలు, క్రీడలు, ఎన్నని చెప్పను. నేను చూసినంతలో తేడా ఎక్కడ వచ్చిందంటే ఇల్లు ఆడమనిషి పేరున రాయించడంలో. తాగి తన్నే మొగుడు "నా ఇంట్లోంచి పో" అనే మాట ఆ ఇంట్లో చెల్లదు. సిమెంటు, ఇటుకలకి అయిన ఖర్చు ఒకటే, పట్టా ఎవరి పేరున ఉందన్నదే మనిషి బతుకు మార్చింది.

సత్యసాయి సెంట్రల్ ట్రస్టు తాగునీటి పథకం ఇంకోటి. తొంభైల మధ్యలో ఏడు వందలకు పైగా ఊళ్లకి నీళ్లు తెచ్చారు. ఫ్లోరైడు నీళ్లు తాగిన జిల్లాకి అది ఎంత పెద్ద సంగతో మీ కనిగిరి వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పైపులు వేయడానికి పెద్ద నిధి కావాలి, అది అందరివల్లా కాదు. పట్టా ఎవరి పేరున అని అడగడానికి మాత్రం నిధి అక్కర్లేదు. మెట్టపొలం గారూ, మీరు ఏ సాయం చేసినా అది ఇంట్లో ఎవరి చేతికి వెళ్తుందో చూడండి.

కంటిచూపు

మెడికల్ క్యాంపుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా. నేను కంటి పరీక్షా కేంద్రంలో టెక్నీషియన్‌గా చేశాను.

క్యాంపు పెడితే ఆ రోజు నడవగలిగినవాళ్లే వస్తారు. మందులు వారానికి ఇస్తారు, బీపీ, షుగర్ జీవితాంతం ఉంటాయి. రెండో వారం నుంచి ఎవరు చూస్తారు? ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి దీనికి వేరే దారి వెతికింది. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు స్థలం, డబ్బు ఇవ్వగా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. పైన పెద్ద ఆసుపత్రి, మధ్యలో చిన్న ఆసుపత్రులు, అడుగున పల్లెల్లో దాదాపు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటర్. ఆ సెంటర్లో ఉండేది ఆ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి, ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన పిల్లో పిల్లాడో. ముసలమ్మకి ఆ మనిషి ఎవరి మనవరాలో తెలుసు. మళ్లీ వస్తుంది. డబ్బు కట్టేవాళ్ల ఆదాయంతో కట్టలేనివాళ్లకి ఉచితంగా చేస్తారు, ఆపరేషన్ మాత్రం ఇద్దరికీ ఒకటే. మదురైలో 1976లో 11 పడకలతో డాక్టర్ వెంకటస్వామి గారు పెట్టిన అరవింద్ ఆసుపత్రిది కూడా ఇదే బాట. లెన్సుల ధర ఆకాశంలో ఉంటే 1992లో అరోల్యాబ్ పెట్టి తామే తయారుచేసుకున్నారు.

మీరు ఆసుపత్రి పెట్టలేరు, నిజమే. క్యాంపు డబ్బుని ఒక మనిషి జీతంగా మార్చండి. మంచంలో ఉన్నవాళ్ల, డయాలసిస్‌కి తిరిగేవాళ్ల ఇళ్లకి ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లే మనిషి. క్యాంపుకి బ్యానరు, షామియానా, భోజనాలకే సగం పోతుంది.

మెట్టపొలం

ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి ఇవన్నీ చెల్లెలికీ తమ్ముడికీ చదివి వినిపించాను. గడపదాటి గారు రాసింది విని చెల్లెలు "క్యాంపుల మాట మర్చిపో అన్నయ్యా" అంది. తమ్ముడు ఇంకా స్కాలర్‌షిప్పు మీదే ఉన్నాడు గానీ, మార్కుల షరతు తీసేసి ఆటోలకి పెడదామంటే కాదనలేదు. బాబాయికి 13(1)(బి) సంగతి చెప్పాను, కోపంగా ఉన్నారు.

ట్రస్టీలుగా ఎవరుండాలి? ప్రస్తుతానికి మేం ముగ్గురం, బాబాయి, నాన్నగారి శిష్యుడైన ఒక డాక్టర్ గారు అనుకుంటున్నాం.

వకాల్తా

ఇది అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న, డీడ్ రాయకముందే అడిగారు కాబట్టి సంతోషం.

ముందుగా ఒక విషయం. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టులకి. ప్రజోపయోగ ధర్మసంస్థలకి అది నేరుగా వర్తించదు, సూత్రాలు మాత్రం కోర్టులు తీసుకుంటాయి. మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద ఛారిటీ కమిషనర్ ఉంటాడు. ట్రస్టు ఆసుపత్రులు 10 శాతం పడకలు నిరుపేదలకి ఉచితంగా, మరో 10 శాతం తగ్గింపు ధరకి ఇవ్వాలన్న నియమం కూడా అక్కడ ఉంది. మన దగ్గర 1987 దేవాదాయ ధర్మాదాయ చట్టం ఉంది. మీ సంస్థ దాని పరిధిలోకి వస్తుందా అన్నది లాయర్‌తో విడిగా చూపించుకోండి. పన్ను మినహాయింపుకి రాష్ట్ర చట్టం కింద నమోదు కూడా చూడాలని నేరుప్రశ్న గారు చెప్పిన న్యూ నోబుల్ తీర్పు అంది కాబట్టి దీన్ని తేలిగ్గా వదిలేయకూడదు.

ట్రస్టీల విషయం. వారసత్వంగా కుటుంబం చేతిలోనే ఉండేలా రాయడం మన వైపు ఆనవాయితీ. రెండో తరంలో తగాదాలు మొదలవుతాయి. పి.వి.జి. రాజు గారు 1958లో స్థాపించిన విజయనగరం మాన్సాస్ ట్రస్టు ఎన్ని విద్యాసంస్థలకి ఆధారమో అందరికీ తెలుసు. 2020లో దాని ఛైర్మన్ పదవి మీద వివాదం వచ్చి, 2021లో హైకోర్టు తేల్చేదాకా రాష్ట్రమంతా అదే చర్చ. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. కాబట్టి ట్రస్టీకి మూడు నాలుగేళ్ల గడువు పెట్టండి, వరసగా రెండుసార్లకి మించి వద్దని రాయండి, కుటుంబం వాళ్లు ఎప్పుడూ సగానికి తక్కువే ఉండాలని రాయండి.

మిగతా సీట్లు ఎవరికోసం పని చేస్తున్నారో వాళ్లవి కావాలి. వికలాంగుల సంఘం నుంచి ఒకరు, వలస కుటుంబాల నుంచి ఒకరు, ఎస్సీ కాలనీ డ్వాక్రా సంఘం నుంచి ఒకరు. సలహా మండలి అని పక్కన కూర్చోబెట్టడం కాదు, ఓటు హక్కున్న ట్రస్టీలుగా. డబ్బు ఎవరికి వెళ్లాలో తేల్చేచోట వాళ్లు లేకపోతే మిగతాదంతా పంపిణీయే.

ఆశయాలు మరీ ఇరుకుగా రాయొద్దు. ఫలానా బావి తవ్వించాలి అని రాస్తే ఆ ఊరికి కుళాయిలు వచ్చాక ఏం చేస్తారు? అసలు ఉద్దేశానికి దగ్గరి పనికి నిధిని మళ్లించే అధికారం కోర్టుకి ఉంది గానీ, దానికోసం కోర్టుకి వెళ్లాల్సిన గతి ఎందుకు. చివరగా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతితో దావా వేసి లెక్కలు అడగొచ్చు, ట్రస్టీని తొలగించమనొచ్చు. సాయం పొందేవాళ్లకి ఈ హక్కు ఉందని మీ ఆఫీసు గోడ మీదే రాసి పెట్టండి.

చివరి_బెంచీ

వకాల్తా గారి మాటకి ఒకటి కలుపుతాను. సీటు ఇవ్వగానే గొంతు రాదు. మీటింగు మీ హాల్లో, కుర్చీల్లో, డాక్టర్ గారు ఇంగ్లీషులో లెక్కలు చదువుతుంటే ఎస్సీ కాలనీ నుంచి వచ్చినామె వేలిముద్ర వేసి వెళ్లిపోతుంది. మీటింగు ఆమె వాడలో పెట్టండి. రాత్రి ఏడు తర్వాత, పనుల నుంచి వచ్చాక. ఆ రోజు కూలి పోతే కట్టివ్వండి. లెక్కలు తెలుగులో చదవండి. మీ వాళ్లు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగాలి, అక్కడ కూర్చోవాలి. అది జరగనిచోట డీడ్‌లో ఎన్ని సీట్లు రాసినా ఒకటే.

మన నేల మీద ఇది కొత్త సంగతేం కాదు. వీరేశలింగం గారు తన ఆస్తి మొత్తం హితకారిణీ సమాజానికి రాసిచ్చారు, వితంతువుల కోసం, ఆడపిల్లల చదువు కోసం. వితంతు వివాహాలు చేయించినందుకే ఆయన్ని ఊరు వెలేసింది. భాగ్యరెడ్డి వర్మ గారు హైదరాబాద్‌లో దళిత పిల్లలకి బడులు పెట్టినప్పుడు సాయం చేసే చేతులూ, అందుకునే చేతులూ ఒకే వాడవి. దుర్గాబాయి గారి ఆంధ్ర మహిళా సభ కూడా అంతే, ఆడవాళ్లు ఆడవాళ్లకోసం నడుపుకున్నది.

బడిబాట

మీటింగు వాడలో పెట్టాలన్న మాట బంగారం. మేం పనిచేసిన ఊళ్లలో కూడా తల్లులు నోరు విప్పింది వాళ్ల అరుగుల మీదే.

మెట్టపొలం

చివరి_బెంచీ గారూ, ఇది బాబాయి దగ్గర పెద్ద గొడవే అవుతుంది. అయినా సరే, డీడ్ ముసాయిదాలో కుటుంబం నుంచి ముగ్గురం, బయటివాళ్లు నలుగురు అని రాయిస్తున్నాను. బాబాయిని ఒప్పించే పని అమ్మ తీసుకుంది.

పద్దులపుస్తకం గారూ, సీఎస్ఆర్ నిధులు, విదేశాల్లో ఉన్న మా బంధువుల విరాళాలు తీసుకోవచ్చా? అమెరికాలో ఉన్న మావాళ్లు ఇస్తామంటున్నారు.

పద్దులపుస్తకం

ఇప్పుడే తొందరపడొద్దు.

సీఎస్ఆర్ అంటే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం ఖర్చు చేయడం. మీరు ఆ నిధి తీసుకోవాలంటే 12ఏబీ, 80జీతో పాటు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, మామూలుగా కనీసం మూడేళ్ల పని అనుభవం చూస్తారు. ఇంకో చిక్కు: కంపెనీ డబ్బు ఏడాది ప్రాజెక్టుగా వస్తుంది, ఎన్ని కుర్చీలు, ఎన్ని కిట్లు అని లెక్క అడుగుతుంది. ఇంటింటికీ తిరిగే అమ్మాయి జీతానికి ఇవ్వమంటే వెనకాడతారు. గడపదాటి గారు చెప్పిన పంపిణీ సభలు పుట్టేది అక్కడినుంచే. మీ వడ్డీ సొమ్ము చిన్నదైనా దాని మీద ఎవరి షరతూ లేదు, అది మీ బలం.

విదేశీ విరాళానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఖాతా తెరవాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. అమెరికాలో ఉన్నా మీ బంధువులు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లయి, తమ సొంత ఆదాయం నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది. పాస్‌పోర్టు కాపీ తీసి ఫైల్లో పెట్టుకోండి.

ఇక్కడి దాతలకి: 2 వేలు దాటిన నగదుకి 80జీ వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే వర్తించదు. మీ ఆదాయం పన్ను పడని పరిమితిని దాటుతుంది కాబట్టి ఏటా ఆడిట్ తప్పదు. ఆ ఆడిట్ రిపోర్టు ఒక పేజీ తెలుగులో కుదించి సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించండి. చట్టం అడగదు, నేను అడుగుతున్నాను.

గడపదాటి

మెట్టపొలం గారూ, రిజిస్ట్రేషన్ పనులు అయ్యేలోపు ఒకటి మొదలుపెట్టొచ్చు, దీనికి ట్రస్టు కూడా అక్కర్లేదు. మీ ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని, ఆశా కార్యకర్తని కూర్చోబెట్టి, సదరం సర్టిఫికెట్ లేనివాళ్ల పేర్లు రాయండి. ఇంట్లోంచి బయటికి రాని పిల్లల గురించి విడిగా అడగండి, మామూలుగా అడిగితే చెప్పరు. మానసిక వైకల్యం ఉన్న ఆడపిల్లల్ని కొన్ని ఇళ్లలో దాచి ఉంచుతారు, ఆ ఇళ్లకి మీ చెల్లెలుగారు వెళ్తే మేలు.

జాబితా అయ్యాక మీ మండలం పేరు నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టండి. ఒంగోలు, మార్కాపురం వైపు మా సంఘం వాళ్లున్నారు, స్లాట్ బుక్ చేయించడం దగ్గరనుంచి ఆసుపత్రిలో తోడుండటం దాకా నేర్పిస్తారు. ఆటో మాట్లాడేటప్పుడు వెనక సీటు తీయడానికి వీలున్న బండి చూసుకోండి, మంచం పట్టిన మనిషిని పడుకోబెట్టాల్సి వస్తుంది.